పసుపు తగ్గని నలభై మూడు రోజులు

మొన్న ఆదివారం పొద్దున ఎదురు ఫ్లాటు బాల్కనీలో ఓ పెద్దావిడ పసిగుడ్డును ఒళ్ళో వేసుకుని ఎండకు కూర్చుంది. పిల్లకు పచ్చకామెర్లట. "తగ్గిపోతాయిలెండి, మా పిల్లలందరికీ వచ్చినవే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "పిల్ల దొడ్డికి ఏ రంగులో వెళ్తోంది?" అని అడిగాను. పొద్దున్నే పలకరింపుగా అడిగే మాట కాదది. ఆవిడ ముఖం చిట్లించింది. "పచ్చగానే" అన్న జవాబు విన్నాకే లోపలికి వచ్చాను.

ఎనిమిదేళ్ళ కిందట గాజువాక ఇంట్లో అలా కూర్చున్నదాన్ని నేనే. మా ఆయన స్టీల్ ప్లాంటు ఉద్యోగానికని గోదావరి వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాం. మా చిన్నమ్మాయి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు, రెండు వారాలు దాటినా కళ్ళలో పసుపు తగ్గకపోతే తీసుకురమ్మని చెప్పారు. రెండు వారాలు దాటాయి. పసుపు తగ్గలేదు. పిల్ల ఒళ్ళు చేస్తోంది, పాలు తాగుతోంది, ఇంకేం కావాలి అన్నాను. ఇద్దరు పిల్లల్ని పెంచిన ధీమా నాది, ఏ డాక్టరు డిగ్రీకీ తీసిపోదు. లంగోటాల మీద మూత్రం ముదురు పసుపుగా మరకలు పడుతుంటే వేడి చేసిందన్నాను. దొడ్డికి తెల్లగా వెళ్తుంటే పాలు తాగే పిల్లకు పాలరంగేనని తేల్చేశాను. అమ్మాయి ఒకటి రెండుసార్లు ఆసుపత్రి మాట ఎత్తితే, బాలింతవు, ఎండన పడి తిరగొద్దని నోరు మూయించాను.

గంగవరం నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమెను అందరం అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేవాళ్ళం. బాలింతకు పాలు పడతాయని ఒకరోజు పాలసొర తెచ్చింది. చేతులు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరకు వెళ్ళి, నేను ఉతకడానికి పడేసిన లంగోటా చూసి ఆగిపోయింది.

"ఏటమ్మా ఇది? పాపకి సున్నంలాగెల్తందేటి?"

"పాలు తాగే పిల్ల కదా అప్పా."

"కాదమ్మా. నా నడిపి పిల్లకీ ఇలగే ఎల్లేది. మేవూ ఎండలోనే ఎట్టినాం, పసర్లు పోసినాం. నాలుగో నెల్లో పోనాది. నా మాటిని పెద్ద డాక్టరుకి సూపించండి. రేపనకండి."

గుమ్మంలో నిలబడిన మా అమ్మాయి ఆ మాటలన్నీ విన్నది. ఇంక నన్నేమీ అడగలేదు. పిల్లను ఎత్తుకుని చెప్పులు వేసుకుంది.

పురుడు పోసిన ఆసుపత్రిలో పిల్లల డాక్టరు చూసీ చూడగానే సీతమ్మధారలో ఇంకో ఆసుపత్రికి పంపారు. అక్కడ పిల్లల పొట్ట, కాలేయం జబ్బులు మాత్రమే చూసే డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడ ముందు పిల్ల ముఖం కాదు, లంగోటా చూపించమన్నారు. తర్వాత ఎన్ని రోజుల పిల్ల అని అడిగారు. నలభై మూడు అంది అమ్మాయి. రక్తపరీక్షలు, స్కానింగు అయ్యాక కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం దిగే గొట్టం మూసుకుపోయింది. ఆ రసం లోపలే నిలిచి కాలేయాన్ని పాడుచేస్తోంది. పేగు ముక్కనే కాలేయానికి కలిపి కొత్త దారి వేయాలి. "రెండు నెలలు నిండకముందే చేస్తే ఆశ ఎక్కువ. మీరు ఇంకా ఆ లోపలే ఉన్నారు" అన్నారు.

యాభయ్యో రోజున పిల్లను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద మా అమ్మాయి నా పక్కనే కూర్చుంది. చాలాసేపటికి, నా వైపు చూడకుండా, "రోజూ ఎండలో పెట్టమన్నావు కదమ్మా" అంది. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

ఆపరేషన్ అయిన అయిదో రోజు నర్సు పిలిస్తే పరుగెత్తాం. లంగోటాలో ఆకుపచ్చగా, తడిగా, కాస్తంత. దాని చుట్టూ చేరి అందరం ఏడ్చాం. మా అల్లుడు దానికి ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. అన్నం ముందు కూర్చుని చూసినవాళ్ళు కూడా ఏమీ అనలేదు.

డాక్టరమ్మ మాత్రం మమ్మల్ని పొంగిపోనివ్వలేదు. ఇది పూర్తిగా నయం కావడం కాదని, ఎప్పటికైనా కాలేయ మార్పిడి అవసరం పడొచ్చని, చూపిస్తూనే ఉండాలని చెప్పారు. ఇప్పటికీ చూపిస్తూనే ఉన్నాం. పిల్ల పొట్ట మీద అడ్డంగా గీత ఉంది. మా దగ్గరే ఉంటూ మూడో తరగతి చదువుతోంది. జ్వరం వస్తే చాలు, ఇల్లంతా దాని కళ్ళలోకే చూస్తుంది.

అప్పట్లో ఆపరేషన్ అయ్యి ఇంటికి వచ్చిన వారానికి అప్ప వస్తే పిల్లను ఆమె చేతుల్లో పెట్టాను. తడి చేతులని చీరకు రెండుసార్లు తుడుచుకుని మరీ ఎత్తుకుంది. "అప్పుడు మాకిలాటి డాక్టరున్నాదని ఎవులూ సెప్పనేదమ్మా" అంది.

పెద్దయ్యేకొద్దీ ఏళ్ళు ఇట్టే గడిచిపోతాయని నా వయసు వాళ్ళంటారు. మా మనవరాలు వచ్చాక నాకలా గడవడం లేదు. ఒక్కో రోజూ దాని కళ్ళు చూసుకున్నాకే మొదలవుతోంది, నెమ్మదిగా, చెయ్యి పట్టుకుని నడిపించినట్టు.