పెద్దసారు రెండు సీట్ల బండిని నేను బాగుచేసిన విధం

ఆ రోజుల్లో నాకు పానా ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు గానీ, నా చేయి పడితే చాలు ఎంత పాడైన యంత్రమైనా లేచి పరుగెత్తుతుందన్న నమ్మకం మాత్రం గట్టిగా ఉండేది. ఇరవై ఆరేళ్ల వయసులో చాలామందికి ఇలాంటి జబ్బు ఏదో ఒకటి ఉంటుంది. కొందరు కవిత్వం రాస్తారు, కొందరు కండలు పెంచుతారు. వాళ్లవల్ల ఇరుగుపొరుగుకు పెద్దగా నష్టం ఉండదు. నా జబ్బువల్ల శ్రీరాంపూర్‌లో మా క్వార్టరు ముందున్న పొప్పడి చెట్టు పోయింది, మా అవ్వ (మా వైపు అమ్మ అవ్వ, నాన్న బాపు) వంటగిన్నెలు పోయాయి, ఎంతో అందమైన పాత కారొకటి చూసినవాళ్లు అదేమిటని అడిగే స్థితికి వచ్చింది. వీటన్నిటికీ కారణం నేనేనని ఇప్పుడు తలవంచుకుని ఒప్పుకుంటున్నాను. (అప్పుడు ఒప్పుకోలేదు. తప్పంతా బోల్టులదేనని వాదించాను.)

నేనప్పుడు బొగ్గు గని స్టోర్సులో గుమస్తాను. బాపు పోయాక ఆయన బదులు వచ్చిన ఉద్యోగం. ఏ బేరింగు ఏ అరలో ఉందో, ఏ బెల్టు ఎన్ని అంగుళాలో నోటికి చెప్పేవాణ్ణి. పేర్లన్నీ తెలిస్తే యంత్రం తెలిసినట్టేనని నా లెక్క. ఒకసారి ఏవో కాగితాల మీద సంతకం కోసం పెద్దసారు ఇంటికి వెళ్లాను. ఆయన ఎప్పుడో రిటైరైన గని మేనేజరు. పెళ్లి చేసుకోలేదు. నస్పూర్ చివర ఒక పాత బంగ్లాలో మేనకోడలు చూసుకుంటుంటే ఉండేవారు. పెరట్లో రేకుల కింద, చిరిగిన టార్పాలిన్ చాటున, పొడుగాటి ఎర్రటి ముక్కు ఒకటి బయటికి కనిపించింది. టార్పాలిన్ ఎత్తి చూస్తే రెండే తలుపులు, రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, నడుము ఎత్తు కూడా లేని విలాయతి స్పోర్ట్స్ కారు. డ్రైవరు సీట్లో ఒక కోడి పొదుగుతోంది. నాకు గుండె ఆగినంత పనైంది.

"ఇరవై ఏండ్లాయె, కదల్లే" అన్నారు పెద్దసారు వెనక నుంచి.

"నేను బాగుచేస్త సార్."

ఆయన నా మొహం కాక నా చేతులు చూశారు. "వస్తదా నీకు?"

"వస్తది సార్."

"అయితే తీస్కపో. నాకేం వద్దు. నడిచిన్నాడు నన్ను దాంట్ల కూసోబెట్టుకోని ఒక్కసారి ధర్మపురి దాకా తీస్కపో. గంతే."

ఆరుగురం కలిసి దాన్ని మా క్వార్టరు దాకా తోసుకొచ్చాం. అవ్వ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి చుట్టూ తిరిగి చూసింది. "గిదేంది కొడుకా, రెండే సీట్లున్నయి? రేపు నీ పెండ్లమొస్తే నేనేడ కూసోవాలె?"

"గిది రేసు బండి అవ్వా."

"ఎవలతోని రేసు?"

నేను పానా తీసుకుని బండి కిందికి దూరాను.

విప్పడం మాత్రం ఒక్క వారంలో అయిపోయింది. (విప్పడంలో నాకు పుట్టుకతోనే ఏదో వరం ఉంది.) ఫోన్లో ఒక వీడియో చూసేవాణ్ణి. అందులో తెల్ల గ్లవుజులు వేసుకున్న ఒక దొర ఇలాంటి బండినే పన్నెండు నిమిషాల్లో విప్పి, తుడిచి, బిగించి, పాట పాడుకుంటూ వెళ్లిపోయేవాడు. నేను విప్పిన బోల్టులన్నీ అవ్వ తొక్కు జాడీల్లో వేశాను. ఏ జాడీలో ఏ బోల్టులో గుర్తుంటుందిలే అనుకున్నాను. నాలుగో రోజు అవ్వకు మామిడికాయ తొక్కు పెట్టాలన్న బుద్ధి పుట్టి, జాడీలన్నీ వాకిట్లో ఒక్కటే కుప్పగా బోర్లించి, శుభ్రంగా కడిగి ఎండబెట్టింది. కార్బొరేటరు కడగడానికి నేను ఆమె పప్పు గిన్నె వాడాను గనక నాకు అరిచే హక్కు కూడా లేకపోయింది.

తర్వాత తుప్పు. రంగును గరుకు కాగితంతో రుద్దితే కింద ఇంకో రంగు వచ్చింది, దాని కింద లప్పం, లప్పం కింద ఏనాటిదో వార్తాపత్రిక ముక్క, దాని కింద నేల. అంటే మా వాకిలి నేల. పెద్దసారు ఇన్నేళ్లూ ఇనుము మీద కూర్చున్నాననుకున్నది నిజానికి కాగితం మీద. ఆ సాయంత్రం గడప మీద కూలబడి నస్పూర్‌లో ఆటోలు బాగుచేసే చాచాకు ఫోను చేశాను. చాచా తన డీజిల్ ఆటోలో వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. విప్పిన ఇంజను వైపు చూశాడు, బోల్టుల కుప్ప వైపు చూశాడు. ఎవరైనా పోయారని తెలిసినప్పుడు చదివే మాటలు పెదవుల మధ్యనే చదువుకున్నాడు.

"ఎవరు ఇప్పిండ్రు బేటా?"

"నేనే చాచా."

"అచ్చా. ఎవడో దుష్మన్ ఇప్పిండనుకున్న."

పిస్టన్లు పట్టేశాయన్నాడు. ఇలాంటి సామాను ఈ దేశంలో దొరకదన్నాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు తుడిచి, రంగేసి, ఇంటిముందు పెట్టుకొమ్మన్నాడు. అప్పుడైనా వినాల్సింది. కానీ నాకు అప్పటికే పాతదాన్ని పాతగా నిలబెట్టాలన్న కోరిక పోయి, కొత్త పిచ్చి పట్టింది. పాత వ్యాను ఇంజను ఎక్కిద్దాం, జీపు చక్రాలు తగిలిద్దాం, సైలెన్సరు సప్పుడు మంచిర్యాల దాకా వినబడాలి అన్నాను. చాచా నెత్తి మీది టోపీ తీసి గోక్కుని, "జర సోంచాయించు బేటా" అన్నాడు. నేను ఆలోచించలేదు.

పెద్దసారు ప్రతి ఆదివారం పొద్దున గొడుగేసుకుని వచ్చేవారు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అవ్వ ఇచ్చిన చాయ తాగి, మధ్యాహ్నం దాకా నా పని చూసేవారు. వ్యాను ఇంజను పట్టడం లేదని నేను గ్యాసు కట్టరుతో ముందుభాగం కోసిన రోజున కూడా అలాగే చూశారు. జీపు చక్రాలు ఇమడడం లేదని మడ్‌గార్డులు కోశాను. కోసినకొద్దీ ఇంకోచోట కోయాల్సి వచ్చేది. ఆరు నెలలు దాటేసరికి ఆ బండిలో దాని సొంతదంటూ ముక్కూ తలుపులే మిగిలాయి. రోజూ డ్యూటీ నుంచి వస్తూ మలుపు తిరిగేసరికి, ఎవరైనా దాన్ని ఎత్తుకుపోయుంటే బాగుండని ఆశపడేవాణ్ణి. ఎవరూ ఎత్తుకుపోలేదు.

చివరికి ఒక ఆదివారం ఇంజను స్టార్టయింది. ఆ వారం చాచా ఉట్నూర్‌లో పెళ్లికి పోయాడు. చోటు చాలక స్టీరింగు పెట్టెను నేనే తలకిందులు చేసి బిగించాను. పెద్దసారు కుర్చీలో ఉన్నారు. సప్పుడు నిజంగానే మంచిర్యాల దాకా వినబడి ఉంటుంది. క్వార్టర్ల జనమంతా బయటికొచ్చారు. గేటు కుడివైపు ఉంది గనక స్టీరింగు కుడికి తిప్పాను. బండి ఎడమకు పోయింది. కంగారుపడి ఇంకా కుడికి తిప్పాను. బండి ఇంకా ఎడమకు పోయి పొప్పడి చెట్టును నడిమికి విరిచి, దానిమీద ఎక్కి ఆగింది. రెండు బొప్పాయి కాయలు నా ఒళ్లో పడ్డాయి. జనం నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. లేచి, గొడుగు విప్పుకుని, వెళ్లిపోయారు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఒక పెద్దమనిషి ప్రాణంగా దాచుకున్న వస్తువును నమ్మి నా చేతుల్లో పెడితే, నేను దాన్ని ముక్కలు కోసి చెట్టుకు గుద్దాను. ఇదీ నేను చేసిన పని. తిండి సయించేది కాదు. అవ్వ కంచం ముందు పెట్టి, "బండి ఎట్లనన్న పోనీ కొడుకా, నువ్వు గిట్ల కాకు" అనేది. మూడో ఆదివారం కూడా కుర్చీ ఖాళీగానే ఉండేసరికి ఉండబట్టలేక వాళ్లింటికి పోయాను.

పెద్దసారు మంచం మీద ఉన్నారు. జ్వరం వచ్చి తగ్గిందని, గుండె కూడా బాగాలేదని మేనకోడలు గుమ్మం దగ్గరే మెల్లగా చెప్పింది. నేను మంచం పక్కన నిలబడి, "తప్పయింది సార్, బండిని ఖరాబు చేసిన" అన్నాను.

ఆయన ఆ మాట వినిపించుకోనట్టే ఉన్నారు. "నడుస్తదా?"

"నడుస్తది సార్" అన్నాను. (అబద్ధం. అప్పటికది చెట్టు మీదే ఉంది.)

"అయితే వచ్చే ఆదివారం పోదాం. ఆలిశం చెయ్యకు."

ఆ వారం నేనూ చాచా పడ్డ పాటు చెప్పలేను. చాచా తన దుకాణం మూసుకుని మరీ వచ్చాడు. స్టీరింగు పెట్టెను తిన్నగా బిగిస్తూ వారమంతా నన్ను ఉర్దూలో తిట్టాడు, అన్నం వేళకు మాత్రం తెలుగులో మాట్లాడాడు. ఆదివారం పొద్దున పెద్దసారును మేమిద్దరం చెరో రెక్క పట్టి సీట్లోకి దింపాం. చాచా ఆటోలో సామాన్లూ, జొన్నరొట్టెల మూటతో అవ్వా వెనకాల. మంచిర్యాల దాటాం. లక్సెట్టిపేట దాటాం. పెద్దసారు కళ్లు మూసుకుని గాలికి మొహం పెట్టారు. నేను లోపల మొక్కని దేవుడు లేడు. రాయపట్నం వంతెన సగం దాకా వచ్చాక బానెట్టు కింద టప్పుమని ఏదో తెగింది. ఆ తర్వాత గోదావరి సప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

చాచా దిగి చూసి, ఇక కాదన్నట్టు చెయ్యి తిప్పేశాడు. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఇరవై ఆరేళ్ల మగవాణ్ణి, వంతెన నడిమధ్యన, పట్టపగలు. పక్కనుంచి గుక్కపట్టినట్టు ఏదో వినబడితే పెద్దసారు గుండె ఆగిపోతోందని అదిరిపడి చూశాను. ఆయన నవ్వుతున్నారు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నారు.

"నీకొక ముచ్చట చెప్పలే" అన్నారు. "గీ బండి ఒక్కనాడు గూడ ధర్మపురి చేరలే. కొన్న కొత్తల పోతే లక్సెట్టిపేట కాడ ఆగింది. ఎడ్లబండికి కట్టి తెచ్చుకున్న. ఎన్నిమాట్ల బయలెల్లిన్నో, అన్నిమాట్ల నడిమిట్లనే ఆగింది. గిప్పుడు గోదారి మీదికన్న వచ్చింది గద! నువ్వు మస్తు చేసినవ్ పో."

"ముందే చెప్పద్దా సార్!"

"చెప్తే బాగుచేద్దువా?"

ఇన్ని వారాలు నేను ఒక అపురూపమైన యంత్రాన్ని చంపానని కుమిలిపోయాను. అది మొదటినుంచీ అంతేనట. సంతోషించాలో కోప్పడాలో తెలియక ముక్కు చీదుకున్నాను. చాచా ఈలోగా తాడు తీసి, రేసు బండి ఎర్ర ముక్కును తన మూడు చక్రాల ఆటో వెనక కట్టేశాడు. అలా ధర్మపురి చేరాం. అవ్వ ఆటోలో వెనక్కి తిరిగి కూర్చుని, "కొడుకా, బ్రేకు మీద కాలుంచు! మీదికొస్తున్నవ్!" అని దారిపొడవునా కేకలు. గుడి వీధిలో జనం పక్కకు జరిగి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. సినిమా షూటింగా అని ఎవరో అడిగారు. పెద్దసారు మాత్రం ఊరేగింపులో పెళ్లికొడుకులా అందరికీ చెయ్యి ఊపారు. గోదావరి మెట్ల మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన బండెక్కనన్నారు. "ఆటోల మంచిగుంటది" అని అవ్వ పక్కన కూర్చున్నారు. తాడు చివర రేసు బండిలో నేనొక్కణ్ణే. ముందు ఆటోలో వాళ్లిద్దరూ పల్లీలు ఒలుచుకు తింటూ, నన్ను చూసి ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ శ్రీరాంపూర్ దాకా వచ్చారు.

ఆ చలికాలంలోనే పెద్దసారు పోయారు. పదోరోజున వాళ్లింటికి వెళితే మేనకోడలు ఒక పక్కకు పిలిచి అడిగింది: "అన్నా, దవాఖానల మామ అందరికీ ఒక్కటే చెప్పిండు. ధర్మపురికి రేసు బండిల పోయినమని, ఎనభై మీద కొట్టినవని, నర్సులకు సుత చెప్పిండు. నిజమేనానే?"

నేను ఆమె మొహం చూశాను. "ఎనభై కాదమ్మా" అన్నాను, "తొంభై."

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు గడిచాయి. ఇప్పుడు నాకు బట్టతల, మోకాళ్ల నొప్పులు, ఇంటిముందు అందరికీ ఉండేలాంటి ఒక తెల్ల కారు. దాని బానెట్టు నేనింతవరకు ఎత్తలేదు. ఇంటికెవరైనా వస్తే మాటల్లో మాటగా ధర్మపురి ప్రయాణం చెబుతుంటాను. మొన్న చెప్పినప్పుడు బండి నూట ఇరవై మీద పోయింది. వంతెన మీద గాలి కోస్తుంటే ఆ ఇరవై ఆరేళ్ల కుర్రవాడు స్టీరింగు ఎంత నిబ్బరంగా పట్టుకున్నాడో వర్ణిస్తూ, వాడి మీద నాకే ముచ్చటేసి కాస్త ఆగాను. లోపలి గదిలోంచి అవ్వ గొంతు వినబడింది.

"ఆటో ముచ్చట చెప్పవేంది రా?"