నాలుగు యూనిట్ల కోర్సు, ఒక పిట్ట రెట్ట

కర్ణాటక సరిహద్దులో ఉన్న పావగడలో ఒక డిగ్రీ కాలేజీలో పన్నెండేళ్లు ఫిజిక్స్ చెప్పాక, నాకు పాఠం చెప్పడం వచ్చా అని పైవాళ్లకు అనుమానం వచ్చింది. మూడు రోజుల శిక్షణకు పంపారు. అక్కడొక పెద్దాయన, ఉపన్యాసాలతో విద్యార్థులకు ఏమీ ఎక్కదని ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఉపన్యసించారు. మేమంతా శ్రద్ధగా ఆవలించాం.

తిరిగి రాగానే సోలార్ విద్యుత్తు మీద కొత్త కోర్సు తయారుచేసే భాగ్యం నాకే దక్కింది. మా ఊరి దగ్గరి సోలార్ పార్కును బస్సు కిటికీలోంచి చాలాసార్లు చూశాను కాబట్టి అర్హతకు లోటు లేదు. నాలుగు యూనిట్లు, పన్నెండు లక్ష్యాలు, డెబ్బై స్లైడ్లు, అన్నీ ఇంగ్లీషులో. పిల్లలు ఇంట్లో తెలుగు, బయట కన్నడ మాట్లాడతారు కనుక ఏ భాష మీదా పక్షపాతం చూపినట్టు కాలేదు.

గుంపులుగా కూర్చోబెట్టి చర్చ పెట్టమని శిక్షణలో చెప్పారు. మా బెంచీలు నేలకు బిగించినవి. ముందు వరసల వాళ్లను వెనక్కి తిరగమన్నాను. మెడలు పట్టేశాయి గానీ చర్చ జరగలేదు.

మూడో వారం, ఎవరూ అడగరనే ధైర్యంతో "డౌట్లున్నాయా?" అన్నాను. చివరి బెంచీ నుంచి, పార్కు పక్కనున్న రాయచెర్లు అనే ఊరి అమ్మాయి లేచింది. సెలవుల్లో వాళ్లమ్మతో కలిసి పార్కులో ప్యానెళ్లు కడగడానికి పోతుందని నాకప్పటికి తెలియదు.

"మేడం, ప్యానెల్ మింద పిట్ట రెట్టేస్తే ఆ గడి ఒక్కటే కాలి మచ్చ పడతాది. ఎందుకు?"

"ఎండ వేడికమ్మా."

"పక్క గళ్లకూ అదే ఎండ కదా మేడం? రెట్ట కింద నీడుంటాది. అది చల్లగుండాల కదా?"

క్లాసు మొదటిసారి మేలుకుంది. "అది సిలబస్‌లో లేదు" అన్నాను. ఆ మాట నన్ను ఎన్నోసార్లు కాపాడింది. ఈసారి వెనకాల ఎవరో, "మరేముండాదప్పా సిలబస్‌లో?" అని గొణిగారు.

సాయంత్రం ఇంట్లో కాగితం మీద గళ్లు గీసుకుంటూ కూర్చున్నాను. గళ్లన్నీ వరసగా కలిపి ఉంటాయి. నీడ పడిన గడి తాను కరెంటు పుట్టించదు, మిగతావాటి కరెంటుకు అడ్డుపడుతుంది. ఆ అడ్డే వేడవుతుంది. సిరీస్ సర్క్యూట్! పన్నెండేళ్లుగా బోర్డు మీద నేను వేస్తున్న బొమ్మే. సిగ్గేసింది.

మర్నాడు స్లైడ్లు తెరవలేదు. "నిన్న నాకు తెలియలేదు" అని తెలుగులోనే చెప్పి, ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచాను. మచ్చలెలా పడతాయో ఆమె గీసింది, ఎందుకో నేను చెప్పాను. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

సంగతి విని మా విభాగాధిపతి గారు ఆందోళనపడ్డారు. "రెట్ట ఏ లక్ష్యం కిందికొస్తాదమ్మా?"

"తొమ్మిదో లక్ష్యం సార్."

ఆయన తృప్తిగా రాసుకున్నారు. తొమ్మిదోది ఏమిటో నాకూ గుర్తులేదు.

అప్పటినుంచి ప్రతి యూనిట్‌కూ ముందు, వాళ్లు చూసినవాటి మీద ప్రశ్నలు రాసిమ్మంటున్నాను. మొదటిసారి పదకొండు వచ్చాయి. నాలుగింటికే నాకు జవాబు తెలుసు. మిగతా వాటి కోసం, విద్యార్థిగా ఉన్నప్పుడు కూడా చదవనంత చదివాను.