పురుగుల ఇంటి కింద పెట్రోలు

పేరేసంద్ర దగ్గర బెంగళూరు హైవే పక్కన మా నాయనకు పెట్రోలు బంకు ఉంది. పెళ్ళికి ముందు నుంచీ నేనూ అక్కడే పనిచేస్తున్నాను. బంకు గోడకు అవతల ఒక రైతమ్మ పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఆమె పట్టింపులు చూసి మేం నవ్వుకునేవాళ్ళం. ఊదుబత్తి ముట్టుకున్న చేతులతో ఎవరినీ లోపలికి రానివ్వదు. మొహానికి పౌడరు పూసుకున్నవాళ్ళను గడప దగ్గరే ఆపేస్తుంది. వాసన తగిలితే పురుగులు ఆకు ముట్టవట.

ఒకరోజు ఆమే బంకుకు వచ్చి నాయన ఎదుట నిలబడింది.

"అప్పా, మా పురుగులింట్లో నేలలోంచి పెట్రోలు వాసన వస్తాండాది. పురుగులు ఆకు తినకుండా తలలెత్తుకోని అట్లే ఉండాయి. వచ్చి చూడప్పా."

నాయనా నేనూ వెళ్ళాం. గోడవారన నేల బీటలిచ్చిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు ఆనించి మరీ చూశాం. మట్టి వాసన, మల్బరీ ఆకు వాసన, అంతే.

"యాడుండాదమ్మా వాసన? పురుగులకు జబ్బొస్తే మా నెత్తిన రుద్దుతావా? అబద్ధాలాడొద్దు" అని నాయన కసిరాడు. నేను పక్కన నిలబడి తలూపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి కుబుసం విడవడం దాటి, ఇక గూళ్ళు కట్టాల్సిన పురుగులు మొత్తం చచ్చిపోయాయి. ఆమె వాటిని గంపలతో మోసి గుంటలో పూడ్చింది. తర్వాత తాలూకా కచేరీకి వెళ్ళి అర్జీ ఇచ్చింది.

అప్పుడొచ్చింది బెంగళూరు నుంచి ఒక ఇంజినీరమ్మ. చేతిలో చిన్న మీటరు. దాని గొట్టం ఆ బీటలో పెట్టగానే అంకె గబగబా పైకి పోయింది. నేను నోరు తెరిచాను. మాకెందుకు తెలియలేదని అడిగితే, రోజంతా ఆ వాసనలోనే బతికే ముక్కులు దాన్ని పట్టించుకోవడం మానేస్తాయని కన్నడంలో నిదానంగా చెప్పింది. అంటే అబద్ధం రైతమ్మది కాదు, మా ముక్కులది.

మా బంకు నేలలో పాతిన పెట్రోలు పైపు అతుకు దగ్గర కారుతోంది. పైపు మార్చారు సరే, మట్టిలో ఇంకిపోయినదాని సంగతేమిటి? తవ్వితీయాలంటే పురుగుల ఇల్లు కూల్చాలి. అందుకని సన్నటి బోర్లు వేసి, చిల్లుల పైపులు దింపి, పైన మోటారు బిగించారు. అది మట్టి సందుల్లోని గాలిని లాగుతుంది. గాలితోపాటు పెట్రోలు ఆవిరీ వస్తుంది. దాన్ని రెండు పెద్ద డ్రమ్ముల గుండా పోనిచ్చి, శుభ్రమైన గాలిని బయటికి వదులుతారు.

"డ్రమ్ముల్లో ఏముంది?" అని అడిగాను.

"కొబ్బరి చిప్పల బొగ్గు. ఆవిరిని అదే పట్టి ఉంచుతుంది" అంది ఇంజినీరమ్మ.

వేళాకోళం చేస్తోందనుకున్నాను. మూత తీసి చూపించింది, నిజంగా నల్లటి బొగ్గు పలుకులే. మేం చట్నీ చేసుకుని పారేసే చిప్పలకు ఇంత పనితనం ఉందా! ఆ రోజు నుంచి నాకు అదే పిచ్చి. టీ గ్లాసు పట్టుకుని మీటరు దగ్గరే ఉండేదాన్ని. అంకె తగ్గితే పండగ. మోటారు కొన్నాళ్ళు ఆపితే మళ్ళీ పెరిగేది. మూలమూలల్లో దాక్కున్నది మెల్లగా బయటపడుతోందని ఇంజినీరమ్మ చెప్పేది. మళ్ళీ లాగేవాళ్ళు. నెలలు గడిచాయి. చివరికి మోటారు ఆపినా అంకె లేవలేదు.

"పనైపోయింది" అంది ఇంజినీరమ్మ.

"మీ మిషన్ చెప్తే చాలదమ్మా, మా పురుగులు చెప్పల్ల" అంది రైతమ్మ. ఒకే ఒక్క తట్టలో పురుగులు తెచ్చి, ఆ బీట పక్కనే పెట్టి ఆకు వేసింది. అవి తినకపోతే ఆ ఇంట్లో ఆమె ఇక పురుగుల్ని పెంచదు.

మూడో రోజు నాయన తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని ఆమె గడప దగ్గరికి వెళ్ళాడు. వెనకే నేను.

"తింటాండాయప్పా. పుల్లలు తప్ప ఏమీ మిగల్లేదు" అంది ఆమె లోపలినుంచే.

నాయన చేతులు జోడించాడు. "ఆ పొద్దు నిన్ను అబద్ధాలాడొద్దన్న్యా. తప్పాయ నాది. నా ముక్కు చచ్చిపోయుండాది, నువ్వే చెప్పమ్మా. ఇంగా యాడన్నా వాసన ఉండాదా?"

ఆమె గడప దాకా వచ్చి ఒక్కసారి గాలి పీల్చింది.

"ఇంట్లో లేదప్పా, నీ మీద ఉండాది. ఆడే నిలబడు" అని, పురుగులు తింటున్న ఆ తట్టను గడప దాకా తేకుండా, దూరం నుంచే ఎత్తి మాకు చూపించింది.

నేను నా చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నాకు సబ్బు వాసనే వచ్చింది.