రోషన్‌దాన్లకు ఇటుకలు

మే నెలలో శాలువా ఏమిటి అమ్మమ్మా అని ఇందాక ఫోనులో చూసి నవ్వావు కదే చిట్టితల్లీ, ఇంటి కాగితంలో పేరు దిద్దించుకుందామని చిక్కడపల్లిలో నేను పనిచేసిన మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి అప్పుడే వచ్చాను, లోపల అంత చలి, ఇంకా వణుకుతున్నాను, అందులో సగం కోపం.

మీ అమ్మ పుట్టకముందు నేనక్కడ టైపిస్టుగా చేరినప్పుడు, ఆ ఎత్తయిన హాల్లో పైకప్పుకి కాస్త కిందగా రోషన్‌దాన్లుండేవి, అంటే తాడు లాగితే తెరుచుకునే చిన్న గాలికిటికీలు. పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్లు తాళ్లు లాగాలి, పడమటి కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికెలు తడపాలి, ఎవరూ రాసిపెట్టని రూలు అది. నారాయణగూడలో బస్సు దిగి నేను ఆలస్యంగా చేరితే మా హెడ్ క్లర్కు అక్క, "ఏందమ్మా కోస్తా రాణీ, గాలి గూడ నీ కోసం గేటు కాడ నిలబడాల్నా?" అనేది. అందరూ నవ్వుతుంటే తాళ్లు లాగేదాన్ని. వేడంతా పైనుంచి పోయి కింద నుంచి గాలి ఆడేది, కాగితాలు ఎగిరిపోకుండా చాయ్ గ్లాసులు పెట్టుకునేవాళ్లం. చెమట పట్టేది కాదని అనను, పట్టేది, తుడుచుకునేవాళ్లం.

ఇవాళ వెళ్లేసరికి మేస్త్రీలు ఆ రోషన్‌దాన్లనే ఇటుకలతో మూసేస్తున్నారు, సగం అయిపోయాయి కూడా. గుమ్మంలో పచ్చరంగు బోర్డు, కాలుష్యం తగ్గించే భవనమట. మేడమీద సోలార్ పలకలు పెట్టారు, సంతోషించాను. కానీ ఆ పలకలు ఇచ్చే కరెంటు చాలనన్ని ఏసీలు గదిగదికీ బిగించి, చల్లదనం జారిపోతుందని గాలిదారి పూడ్చేయడం ఏ తెలివి? మే నెలలో కోటు తొడుక్కుని కూర్చున్న ఆఫీసరుని, మిగిలిన సగమైనా వదిలేయండి బాబూ, పొద్దునా సాయంత్రం తెరుచుకుంటే ఏసీ అక్కర్లేదు అని బతిమాలాను.

"మీ జమానా వేరేనమ్మా, జర పరేషాన్ గాకుండ్రి, గ్రీన్ బిల్డింగ్ చేస్తున్నం" అన్నాడు.

బయటికొస్తే ఏసీ డబ్బాలన్నీ ఫుట్‌పాత్ వైపే తిరిగి ఉన్నాయి, ఆ సెగ నేరుగా పూలమ్మే ఆమె మొహాన కొడుతోంది. బుట్టకు గోనె అడ్డం పెట్టుకుంటూ, "గిది ఆఫీసా అక్కా, ఇటుకల బట్టీయా? మల్లెలు పగటీలికే మాడిపోతున్నయ్" అంది. ఆ పూలే ఆమెకు కూడు.

ఒకప్పుడు ఎండనీ గాలినీ వీధితో పాటే పంచుకున్న ఆఫీసది, ఇప్పుడు తన వేడి వీధి నెత్తిన పోసి, దానికి పచ్చరంగు పూసుకుంది. నాకు గట్టిగా మాట్లాడటం రాదని నీకు తెలుసు. మళ్లీ లోపలికి వెళ్లి, లోపలి వేడంతా ఎక్కడికి పోతోంది బాబూ అని ఆ ఆఫీసరుని మెల్లిగానే అడిగాను.

"ఇంకేడికి, బయటికే పోతదమ్మా" అన్నాడు.

బయట ఎవరుంటారు నాయనా, అన్నాను. వరసలో నా వెనకున్నాయన్ని రమ్మని చెయ్యి ఊపాడు.