‘ఎప్పుడూ లేదు’ అని టిక్ పెట్టిన ఇల్లు

ముక్కూ మొహం తెలియనివాళ్ల తలుపు కొట్టి, "కిందటి నెలలో మీ ఇంట్లో తిండి సరుకులు అయిపోతాయేమోనని భయపడ్డారా?" అని అడగడం అప్పట్లో నా ఉద్యోగం. సిగ్గుగా ఉండేది కాదా అంటే ఉండేది. గంటకింత అని జీతం ఇచ్చేవాళ్లు కాబట్టి మొదటి వారంలోనే ఆ సిగ్గు కొంత వదిలింది. చేతిలో టాబ్లెట్, మెడలో ఐడీ కార్డు, కార్లో నీళ్ల సీసా. మూడు జవాబుల్లో ఏదో ఒకటి నొక్కాలి: తరచుగా, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు.

ఫ్రిస్కోలో మా ఇంటి నుంచి అరగంట డ్రైవ్ చేస్తే ఆ పాత అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ వస్తుంది. ముందు వరుస బిల్డింగుల్లో ఎక్కువగా ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, వెనక వరుసలో ఉగాండా నుంచి వచ్చిన కుటుంబాలు. అందరికీ ఒకే అద్దె, ఒకే రకం గదులు, ఒకే రకంగా మొరాయించే ఏసీలు. ఈ రెండు రకాలవాళ్లలో ఎవరు ఎలా బతుకుతున్నారో పక్కపక్కన పెట్టి చూడాలని ఒక చిన్న సంస్థ సర్వే పెట్టింది. అవసరం ఎక్కువ ఉన్న వరుసకి ప్రతి శనివారం సరుకుల ట్రక్కు పంపుతారు. ఒక్క వరుసకే. రెండింటికీ పంపేంత స్తోమత ఆ సంస్థకి లేదు.

నేను చేరిన రెండో వారంలోనే మా ఆయన ఉద్యోగం పోయింది. లేఆఫ్. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ స్పాన్సర్ చెయ్యకపోతే దేశం విడిచి వెళ్లాలి. నా వర్క్ పర్మిట్ కూడా ఆయన వీసాకి వేలాడుతున్నదే. ఫ్రిస్కోలో మా స్నేహితులెవరికీ ఈ సంగతి చెప్పలేదు. పైగా బర్త్‌డే పార్టీలకి ఎప్పటికంటే పెద్ద గిఫ్ట్‌లు పట్టుకెళ్లాం. ప్రాజెక్ట్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే మా ఆయన "సూపర్ బిజీ బ్రో" అనేవాడు, నేను పక్కన నిలబడి కేక్ తినేదాన్ని. ఇంట్లో మాత్రం ఇద్దరం కాలు కాలిన పిల్లుల్లా తిరిగేవాళ్లం. ఆయన ఫోన్ మోగితే నేను ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే ఆయన.

అందుకే ఆ తలుపులు కొట్టే పని నాకు హాయిగా ఉండేది. వేరేవాళ్ల భయాలు రాసుకుంటున్నంతసేపు మనవి గుర్తుకు రావు.

ముందు వరుసలో మొదటి ఇల్లు ఒక పెద్దాయనది. లారీలు నడిపి రిటైరయ్యాడు. ప్రశ్న పూర్తికాకముందే అందుకున్నాడు. "ఇరవయ్యో తారీకు దాటితే డబ్బా సూప్ తప్ప ఏమీ ఉండదు. రాసుకో. తిండా మందులా అంటే మందులే మానేస్తా. అదీ రాసుకో. కింద గీత గియ్యి." గీత గియ్యడానికి టాబ్లెట్‌లో వీల్లేదని చెప్తే నవ్వాడు. లోపలికి రమ్మనలేదు, నేనూ వెళ్లలేదు. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ వరుసలో అన్ని ఇళ్లూ దాదాపు ఇంతే. తలుపు దగ్గరే నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశారు.

వెనక వరుసలో నేను మొదట కలిసినావిడకి నలభై ఉంటాయేమో. తలుపు తియ్యగానే "వెల్ డన్, సిస్టర్" అంది. నేనేం ఘనకార్యం చేశానో అర్థంకాక వెనక్కి తిరిగి చూశాను. పనిలో ఉన్న మనిషి ఎదురైతే తమ దేశంలో అలాగే పలకరిస్తారని ఆవిడే చెప్పింది. మా ఇళ్లలో పనిలో ఉన్న మనిషిని ఇంకా ఎంతసేపని అడుగుతారు.

"ముందు కూర్చో. ప్రశ్నలు పారిపోవుగా" అంటూ సోఫా మీది బట్టలు తీసి చోటు చేసింది. కంపాలాలో బ్యాంకులో పనిచేసేదట. ఇక్కడ ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో వాళ్లకి స్నానాలు చేయించి, తినిపించి, పడుకోబెట్టే పని. పిల్లలిద్దరూ బడికెళ్లారు. మాట్లాడుతూనే టీ పెట్టింది, మనలాగే పాలు కాచి, అల్లం దంచి వేసి. నేను కూర్చున్న చోటికి వంటగది కనిపిస్తోంది. పాల క్యాన్ గిన్నెలోకి వంచింది. సరిపోయినట్టు లేదు. ఖాళీ క్యాన్‌లో కాసిని నీళ్లు పోసి, తొలిపి, ఆ నీళ్లు కూడా గిన్నెలోకే వంపింది. ఇంకో క్యాన్ కోసం ఫ్రిజ్ తలుపు తియ్యలేదు.

ఆ టీ చేత్తో పట్టుకుని ప్రశ్న అడిగాను. తిండి అయిపోతుందేమోనని భయపడ్డారా?

"ఎప్పుడూ లేదు" అంది నవ్వుతూ. "దేవుడి దయ. మేం బాగున్నాం."

అదే నొక్కాను. నొక్కుతూనే ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు, ఆ ప్రశ్న రాసిన మహానుభావుడి మీద. గడపలో అడుగుపెట్టిన మనిషికి, అందులోనూ మొదటిసారి వచ్చిన మనిషికి, ఇంట్లో తిండి లేదని ఎవరు చెప్తారు? మా అమ్మ చెప్పేదా? బియ్యం డబ్బా అడుగంటినా ‘అయిపోయాయి’ అనే మాట మా ఇంట్లో వినపడకూడదు, ‘నిండుకున్నాయి’ అనాలి. పక్కింటావిడ వచ్చి భోజనాలయ్యాయా అని అడిగితే, పొయ్యి వెలిగించకపోయినా "ఆ, ఇప్పుడే" అనాలి. ఈ సర్వే మా ఊళ్లో చేసుంటే మా వీధి మొత్తం కోటీశ్వరుల వీధి అని తేలేది.

వెనక వరుసలో మిగతా ఇళ్లూ అలాగే. ప్రతి ఇంట్లో కూర్చోబెట్టారు, ఏదో ఒకటి చేతిలో పెట్టారు, ఎప్పుడూ లేదన్నారు. ముందు వరుసలో ఒక్కరు కూడా మంచినీళ్లిస్తామనలేదు, కానీ నిజం చెప్పారు. నాకు ఇద్దరూ నచ్చారు. టాబ్లెట్‌కి మాత్రం నిజం చెప్పినవాళ్లే నచ్చుతారు.

వారం తిరక్కుండా మా సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. లెక్క తేలిందట. ఉగాండా కుటుంబాల పరిస్థితి నిలకడగా ఉందట, ఇక్కడివాళ్లకే ఇబ్బందిగా ఉందట. ట్రక్కు ముందు వరుసకి వెళ్తుంది, సరుకులు తీసుకునే కార్డులు ఆ బిల్డింగులవాళ్లకే.

"ఆ జవాబులు నిజం కాదు" అన్నాను.

"వాళ్లు చెప్పినవేగా?"

"చెప్పినవే. మర్యాదకి చెప్పినవి."

"నీకు అనిపించింది రాయడం మన పని కాదు." ఆవిడ మంచి మనిషే, పైగా అన్నదాంట్లో తప్పు లేదు. "వాళ్లంతట వాళ్లు మార్చుకుంటామంటే శుక్రవారం దాకా టైముంది. నువ్వు మాత్రం చెప్పించకూడదు."

ఫోన్ పెట్టేసి ఇల్లంతా రెండుసార్లు తిరిగాను. కార్ తాళాలు తీసుకున్నాను, పెట్టేశాను, మళ్లీ తీసుకున్నాను. మా ఆయన లాప్‌టాప్ మీంచి తలెత్తి "ఏంటి నీ గొడవ?" అన్నాడు. నా గొడవ ఏమిటో ఒక్క ముక్కలో చెప్పగలిగితే అసలు ఆ గొడవే ఉండేది కాదు.

ఈసారి టాబ్లెట్ కార్లోనే వదిలేసి, నాకు అల్లం టీ ఇచ్చినావిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫారంలోనే ఉంది. టీకి లేవబోతుంటే వద్దని కూర్చోబెట్టాను. ఏం మాట్లాడాలో కారులో అంతా అనుకుని వచ్చాను కానీ ఒక్క మాటా గుర్తు రాలేదు. "మా ఆయనకి ఉద్యోగం పోయింది" అనేశాను. "ఐదు వారాలైంది. ఎవరికీ చెప్పలేదు. ఇంకో మూడు వారాల్లో ఏదీ దొరక్కపోతే వెళ్లిపోవాలి. రోజూ అందరికీ బాగున్నాం, బాగున్నాం అని చెప్పీ చెప్పీ అలిసిపోయాను."

ఆవిడతో నిజం చెప్పించడానికి నా కష్టాన్ని ఎర వేశానా, లేక చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికితే చాలని చెప్పేశానా? రెండూ ఉన్నాయి. ఏడుపు మాత్రం నిజంగానే వచ్చింది.

"సారీ, సారీ, సిస్టర్" అంటూ, లేఆఫ్ చేసింది తనే అన్నట్టు నా చేతులు పట్టుకుంది. లేచి వంటగదిలోకి వెళ్లింది. నాలుగు పచ్చి అరటికాయలు, చిన్న సీసాలో పల్లీల ముద్ద సంచిలో వేసి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అరటికాయ ఉడకబెట్టి, ఇది నీళ్లలో కలిపి కాచి పోసుకోండి. రెండు పూటలకి వస్తుంది" అంది.

మా గరాజ్‌లో రెండు సోనా మసూరి బస్తాలు, పప్పులు, నూనె క్యాన్లు ఉన్నాయి. మాకున్నది ఆకలి కాదు, భయం. ఆ రెండూ ఒకటి కావని అప్పుడే చెప్పాల్సింది. కానీ పెట్టినది వద్దంటే ఆవిడ మొహం ఎలా అవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే మా అమ్మ మొహం ఎలా అయ్యేదో తెలుసు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది. నర్సింగ్ హోమ్‌లో గంటలు తగ్గించారు. పిల్లలకి బడిలో రెండు పూటలా తిండి దొరుకుతుంది కాబట్టి ఐదు రోజులు నిశ్చింత. శనాదివారాలే భయం. శుక్రవారం సాయంత్రం నుంచి లెక్కలు వేసుకోవడం మొదలుపెడుతుంది. వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఎవరి ఇంట్లో చావైనా, ఆపరేషనైనా తలా ఇంత వేసుకుని నిలబెడతారు. కానీ పిల్లలకి పాలు లేవని గ్రూప్‌లో పెట్టలేరు కదా.

ట్రక్కు సంగతి చెప్పాను. శుక్రవారం దాకా టైముందని కూడా చెప్పాను. మార్చుకోమని మాత్రం అనలేదు. ఆవిడ లేచి కిటికీలోంచి కింద పార్కింగ్ వైపు చూసింది.

"ట్రక్కు వస్తే ఎక్కడ ఆగుతుంది?"

"ఇక్కడే, మీ బిల్డింగ్ ముందు."

"అందరూ చూస్తారు."

"అందరూ తీసుకుంటారు."

"మొదట ఎవరో ఒకళ్లు నిలబడాలిగా. కంపాలాలో నేను కౌంటర్‌కి ఇటువైపు కూర్చునేదాన్ని సిస్టర్, లైన్‌లో నిలబడినవాళ్లు అటు ఉండేవాళ్లు." నా వైపు తిరిగింది. "సరే, మార్చు. మిగతావాళ్లతో కూడా నేను మాట్లాడతాను. కానీ నువ్వు రావాలి. నాతోపాటు లైన్‌లో నిలబడాలి. ఇద్దరం నిలబడితే కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఒక్కదాన్నే నిలబడితే వేరేలా ఉంటుంది. నీకూ అవసరమేగా?"

"వస్తాను" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను.

ఆవిడ మాట నిలబెట్టుకుంది. శుక్రవారంలోపు వెనక వరుసలో చాలామంది ఫోన్ చేసి జవాబులు మార్చుకున్నారు. లెక్క తిరగబడింది. సంస్థవాళ్లు తల పట్టుకుని, చివరికి ట్రక్కుని ఒక వారం ముందు వరుసకి, ఒక వారం వెనక వరుసకి అని పంచారు. ఆ పెద్దాయనకి సగం తగ్గిందని నాకు బాధేసింది, కానీ వెనక్కి తగ్గాలనిపించలేదు. మొదటి శనివారం వెనక వరుసది.

ఆ ఉదయం నేను బట్ట సంచి మడత పెట్టుకుంటుంటే మా ఆయన చూశాడు. "వెళ్లి లైన్‌లో నిలబడతావా? సీరియస్లీ? మనవాళ్లెవరైనా చూస్తే?"

"అక్కడికి మనవాళ్లెందుకు వస్తారు?" అన్నాను.

వచ్చారు. ట్రక్కు పక్కన పొడుగాటి బల్లలు, బల్లల వెనక ఒకే రంగు టీషర్ట్‌లలో పదిమంది తెలుగువాళ్లు. సంస్థ వాలంటీర్లు కావాలందట, మా వైపు తెలుగు సంఘంవాళ్లు ఉత్సాహంగా దిగిపోయారు. కార్ దిగీదిగగానే మా వీధి చివరింటి ఆంటీ కళ్లలో పడ్డాను. ఆవిడకి ఒక సంగతి తెలిస్తే సాయంత్రానికి ఫ్రిస్కో మొత్తానికి తెలుస్తుంది.

"అరే, నువ్వూ వచ్చావా! గ్రూప్‌లో పేరు పెట్టలేదేంటమ్మా? మంచి పని చేశావ్. ఇదిగో, మీడియం సరిపోద్దిగా? తొందరగా వేస్కో, స్టార్ట్ చేసేస్తున్నాం" అంటూ టీషర్ట్ నా ముందు చాపింది.

మెట్ల దగ్గర, నన్ను లైన్‌లోకి రమ్మన్నావిడ నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన పసుపు గౌను వేసుకుంది. పిల్లల్ని తేలేదు. లైన్‌లో ఇంకా చేరలేదు, నాకోసం చూస్తోంది. నన్ను చూసి చెయ్యి ఎత్తింది.

టీషర్ట్ తీసుకున్నాను. ఆలోచించి తీసుకోలేదని చెప్పుకుంటే అబద్ధం. ఆలోచించాను. ఆంటీ ఏమనుకుంటుంది, రేపటికి ఎవరెవరికి తెలుస్తుంది, మా ఆయన మొహం ఎలా ఉంటుంది, అన్నీ ఆ ఒక్క క్షణంలోనే ఆలోచించాను. భయపడ్డాను. కుర్తీ మీదే టీషర్ట్ వేసుకుని, బట్ట సంచి హ్యాండ్‌బ్యాగ్‌లో కుక్కి, బల్ల వెనక్కి వెళ్లాను. టీషర్ట్‌లోంచి నా తల బయటికి వచ్చేసరికే ఆవిడ చెయ్యి కిందికి దిగిపోయింది.

వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లిపోతే బాగుండని కూడా అనుకున్నాను. వెళ్లలేదు. లైన్‌లో మొదట నిలబడింది, ఒక్కతే. తర్వాత ఒకామె, ఆ తర్వాత ఇద్దరు, చూస్తుండగానే లైన్ మెట్లదాకా పెరిగింది. ఆంటీ ఫోన్ తీసి "అందరూ ఇటు చూడండి" అని ఫోటోలు తీసింది.

లైన్‌లో మొదటగా ఆవిడే నా ముందుకి వచ్చింది. సరుకుల బాక్సు అందించి, ఎవరికీ వినపడకుండా "ఇంకోటి తీసుకో, ప్లీజ్" అంటూ రెండోది కూడా ముందుకి నెట్టాను. దాన్ని నా వైపుకి మెల్లగా జరిపేసింది.

"అందరికీ ఎంతో నాకూ అంతే" అంది. "థాంక్యూ, మేడమ్."

బాక్సు ఎత్తుకుని మెట్ల వైపు నడిచింది. వెనకున్నామె ముందుకి వచ్చింది, నేను రెండో బాక్సు ఆమెకి ఇచ్చాను.