అమ్మ చూడని వేషం

మా అన్నయ్య నాటకాల్లో ఆడవేషాలు వేసేవాడు. ఆ రోజుల్లో మా రాజోలు వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కేవారు కాదు. అన్నయ్యది సన్నని ఒళ్ళు, తీయని గొంతు. వేషం కోసమని జుట్టు కూడా పెంచాడు. ఆదివారం పొద్దున్నే అమ్మ వాడిని పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి, చిక్కు తీసేది. "దీనికి నీ జుట్టులో సగమైనా లేదురా" అని నన్ను చూపించి నవ్వేది.

నాన్నగారికి నాటకాలంటే గిట్టదు. వాడిని ఏమీ అనలేదు గానీ, మా ఇంటి ఆడవాళ్ళు మాత్రం చూడ్డానికి వెళ్ళకూడదన్నారు. అందుకని అమ్మా, నేనూ వాడి వేషం ఒక్కసారైనా చూడలేదు.

"ఒక్కసారి రావే అమ్మా. తడిక పక్కన కూచుని చూసి వచ్చేద్దువుగాని" అని బతిమాలేవాడు అన్నయ్య.

"మీ నాన్నగారు ఊరుకోర్రా. వచ్చే ఏడు అడిగి చూస్తాలే" అనేది అమ్మ.

పోనీ ఇంట్లోనే వేసి చూపించమంటే సిగ్గుపడి లేచిపోయేవాడు. అమ్మ ఎదుట ఒక్క పద్యమైనా నోరు విప్పి పాడలేదు.

ఇరవై రెండో ఏట, వానాకాలంలో, వాడికి టైఫాయిడ్ వచ్చింది. అమలాపురం నుంచి డాక్టరుగారు వచ్చి చూశారు. జ్వరం దిగలేదు. తల వేడెక్కుతోందని జుట్టు తీయించేశారు. అన్నయ్య తల తడుముకుని, "ఇంక నాకు వేషం ఎవరిస్తారే?" అన్నాడు నాతో.

"మళ్ళీ పెరుగుతుందిలే అన్నయ్యా" అన్నాను.

పెరిగేదాకా వాడు ఉండలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ వాడి మాట ఎత్తేవారు కాదు. పొరపాటున ఎత్తితే నాన్నగారు కండువా భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయేవారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మరుసటి ఏడు, అమలాపురంలో మా మేనమామ గారింటి నుంచి నేనూ అమ్మా కాలువ పడవలో తిరిగి వస్తున్నాం. మా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. గట్టు మీద ఎవరో నాటకానికి పందిరి వేస్తుంటే చూసి అంది:

"ఇప్పుడేం నాటకాలండీ! ముందటేడు మా ఊళ్ళో ఒకబ్బాయి ఆడవేషం కట్టేడు. మగపిల్లాడంటే మా కోడలు నమ్మలేదండీ. పాపం, జ్వరమొచ్చి పోయేడట."

నేను అమ్మ ముఖంలోకి చూశాను. ఏడుస్తుందనుకున్నాను. అమ్మ ఆవిడ వైపు కొంచెం జరిగి కూర్చుంది.

"బాగా పాడేడాండీ?"

"ఆయ్. బిడ్డ పోయిన తల్లి వేషమండీ. పద్యం ఎత్తుకునేసరికి మా ఊరి మగాళ్ళు కూడా కండువాలతో కళ్ళు ఒత్తుకున్నారు."

"ఏం చీర కట్టేడండీ?"

"ఆకుపచ్చదండీ. ఎర్రంచు. కుచ్చిళ్ళు ఎంత పొందిగ్గా పెట్టుకున్నాడనీ!"

"ఇంకా చెప్పండి" అంది అమ్మ.

ఇంతలో మా రేవు వచ్చింది. నేను అమ్మ చెయ్యి పట్టి లాగాను. అమ్మ కదల్లేదు. సరంగు, "అమ్మగారూ, మీ రేవండీ" అని పిలిచాడు. "పై రేవులో దిగుతాంలే బాబూ" అంది.

పై రేవు దాకా ఆవిడ చెబుతూనే ఉంది, అమ్మ అడుగుతూనే ఉంది. వాడు తన కొడుకని మాత్రం అమ్మ చెప్పలేదు. చెబితే ఆవిడ నొచ్చుకుని మాట ఆపేస్తుందని అమ్మ భయమేమో.

అక్కడ దిగి, ఎండలో కాలువ గట్టు వెంట వెనక్కి నడిచాం. అమ్మ ముందు నడుస్తూ నాతో కాక తనలో తనే, "ఆకుపచ్చ చీర" అనుకుంది. అప్పుడు ఏడ్చింది. నేను కొంగు పట్టుకుని నడిచాను.

మాకు తెలియని మా అన్నయ్య ఆ కాలువ గట్ల మీద ఎన్ని ఊళ్ళలో, ఎంతమంది కళ్ళలో మిగిలిపోయాడో! ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, పడవ ఎక్కితే చాలు, అమ్మ ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ పక్కకు చేరి మెల్లగా అడిగేది:

"మీ ఊళ్ళో నాటకాలు ఆడతారాండీ?"