పాటలపెట్టె చుట్టూ తీపి గుర్తులు

జూక్‌బాక్స్ అన్న మాట వినబడితే చాలు, విరిగిన పాల వాసన చూసినట్టు నోరీన్ హాక్స్‌వర్త్ ముఖం ముడుచుకుపోయేది. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో ఆమె ఈడువాళ్ళందరికీ అదొక తీపి జ్ఞాపకం. బస్సు కోసం నిలబడ్డా, డాక్టరు దగ్గర కూర్చున్నా ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు. టెంటర్స్ ఆర్మ్స్ పబ్బులో మూలన ఉండేది చూడు, ఆ రంగుల దీపాలూ, నాణెం వేయగానే లోపల ఇనపచెయ్యి కదిలి రికార్డు ఎత్తి పెట్టడమూ, ఆ రోజులే వేరు. నోరీన్ వింటూ చేతిసంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకునేది. ఆ రోజులు వేరన్నంతవరకూ ఆమెకీ అభ్యంతరం లేదు.

ఆ పబ్బులో కౌంటరు వెనక నిలబడి బీరు పోసింది ఆమే. పందొమ్మిదో ఏట చేరింది. మిగతావాళ్ళు వచ్చి, తాగి, రెండు పాటలు విని పోయేవారు. ఆమె మాత్రం తలుపు తీసిన దగ్గర్నుంచి వేసేదాకా వినాల్సిందే. పెట్టెలో నూరు పాటలున్నాయని యజమాని సగ్డెన్ గొప్పగా చెప్పుకునేవాడు. ఉంటే ఉండొచ్చు. మగవాళ్ళు వేసేవి అయిదో ఆరో, అవీ ఏడుపు పాటలే. వదిలేసిపోయిన పిల్ల కోసం ఒకడు ఏడిస్తే, రైలెక్కి వెళ్ళిన పిల్ల కోసం ఇంకొకడు. ఆ ఏడుపు వింటూ కళ్ళు ఒత్తుకునే అద్దకం మిల్లు మగాళ్ళందరికీ ఇంట్లో పెళ్ళాలు ఉండేవారు. వాళ్ళెక్కడికీ పోలేదు. ఓవెన్‌లో పెట్టిన భోజనం ఎండిపోతుంటే గడియారం చూసుకుంటూ కూర్చునేవారు. వాళ్ళ మీద ఎవడూ ఒక్క పాటైనా వేసిన పాపాన పోలేదు.

అందరికంటే ఎక్కువగా ఆ పెట్టెను అంటిపెట్టుకుని ఉండేవాడు క్లిఫర్డ్ సైక్స్. మిల్లులో మేస్త్రీ. తలకు నూనె దట్టించి, మోచెయ్యి పెట్టె మీద ఆనించి, అది తన పెరట్లో కాసిన కాయ అయినట్టు నిలబడేవాడు. ఎవరు ఏ పాట వేయాలో తనే చెప్పేవాడు.

"ఇది నీకోసమే వేశా, పిల్లా" అనేవాడు నోరీన్ వంక చూసి.

"నాకోసమే అయితే ఆపెయ్" అనేది ఆమె గ్లాసు తుడుస్తూ.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఆ మాట నిజంగానే అందని అతనికి ఎన్నడూ తట్టలేదు. పెళ్ళాం బ్రెండా నెలలు నిండి ఉన్న రోజుల్లో కూడా అతను అక్కడే నిలబడి ఎవరో పోయిన పిల్ల కోసం గొంతు కలిపి పాడాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆల్బన్ ప్రూడమ్ వచ్చాడు. వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవి నుంచి వచ్చిన నల్లమనిషి, లిండ్లీ వెళ్ళే బస్సులో కండక్టరు. అప్పుడప్పుడూ డ్యూటీ దిగి వచ్చి, తలుపు పక్కన కూర్చుని, అర గ్లాసు బీరు తాగి వెళ్ళేవాడు. అతనికి దగ్గరగా ఎవరూ కూర్చునేవారు కాదు. వెళ్ళిపొమ్మనీ అనేవారు కాదు. ఆ మాత్రానికే ఆ పబ్బు తనది చాలా పెద్దమనసనుకునేది.

ఆ రోజు ఆల్బన్ గ్లాసు పట్టుకుని పెట్టె దగ్గరకు వెళ్ళాడు. అద్దం మీద వంగి పాటల పేర్లన్నీ తీరిగ్గా చదివాడు. రికార్డులు మార్చడానికి వచ్చే కంపెనీవాడు ఏం అనుకున్నాడో, ఆ వారం అడుగు వరసలో ఒక జమైకా పాట పెట్టి వెళ్ళాడు. ఆల్బన్ జేబులోంచి నాణెం తీసి వేసి, దాని మీట నొక్కాడు. రికార్డు తిరగడం మొదలైంది. పాటగాడు నోరు విప్పాడో లేదో, క్లిఫర్డ్ వంగి గోడకున్న ప్లగ్గు పీకేశాడు. పాట గొంతు జారి, మూలిగి, ఆగిపోయింది.

"అయ్యో పాపం. నీ పాటకి ఇక్కడి కరెంటు పడనట్టుందోయ్" అన్నాడు క్లిఫర్డ్.

పబ్బంతా నవ్వింది. సగ్డెన్ కూడా కౌంటరు చివర నుంచి నవ్వాడు. ఆల్బన్ నవ్వలేదు. కోపమూ చూపించలేదు. గ్లాసు వంక చూశాడు. ఇంకా సగం ఉంది. దాన్ని వదిలేసి పోవాలా, తాగి పోవాలా అని ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు.

నోరీన్ చేతిగుడ్డ పక్కన పడేసి కౌంటరు దాటి వచ్చింది. క్లిఫర్డ్ కాళ్ళ మధ్య నుంచి తీగ లాగి ప్లగ్గు పెట్టింది. దీపాలు వెలిగాయి గానీ పాట రాలేదు. పెట్టె ఆల్బన్ నాణేన్ని మింగేసింది. బేరం లేనప్పుడు పబ్బు వెలవెలబోకుండా పనివాళ్ళు పాట వేయడానికి సగ్డెన్ కొన్ని నాణేలకు ఎర్ర గోళ్ళరంగు పూసి గల్లాలో పెట్టేవాడు. కంపెనీవాడు వచ్చినప్పుడు ఆ ఎర్రవి ఏరి వెనక్కి ఇచ్చేవాడు. నోరీన్ వెళ్ళి అందులో ఒకటి తెచ్చి వేసి, అదే పాట నొక్కి, గోడకు వీపు ఆనించి ప్లగ్గు ముందు నిలబడింది.

"ఏంటమ్మా ఇది, ఆటాడాం అంతేగా" అన్నాడు క్లిఫర్డ్.

"ఆడావుగా. ఇప్పుడు విను."

పాట మొత్తం అయింది. ఆల్బన్ బీరు నెమ్మదిగా తాగి, ఖాళీ గ్లాసు కౌంటరు మీద పెట్టి, నోరీన్‌కు తల పంకించి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ వారాంతానికి ఆమె ఉద్యోగం పోయింది. "బేరగాళ్ళకి నవ్వే పిల్ల కావాలి నోరీన్. నీది కౌంటరు మొహం కాదు" అన్నాడు సగ్డెన్. ఆ పబ్బులో తను విన్న ఒకే ఒక్క నిజం అదేనని ఆమె తర్వాతెప్పుడో చెప్పుకుని నవ్వింది.

కొన్నాళ్ళకు లిండ్లీ బస్సులో ఆల్బన్ కనిపించాడు. టికెట్టు కొట్టి ఇస్తూ గొంతు తగ్గించాడు.

"నీ పని పోయిందటగా. నేను నిన్ను అడగలేదు కదమ్మా."

"మీకోసం చెయ్యలేదు. వాడి మొహం అలా మాడిపోవడం చూద్దామనుకున్నా."

ఆల్బన్ మొదటిసారి నవ్వాడు. "నిజం చెప్పనా? ఆ పాట నాకు నచ్చదు. జమైకావాళ్ళ పాటలు నాకు మొదట్నుంచీ పడవు. వేరేదేం లేక వేశా. నువ్వు పట్టుబట్టి మొత్తం వినిపించావు."

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నోరీన్‌కు నవ్వు వచ్చేది. తర్వాత ఆమె ఒక బడి వంటశాలలో చేరి, రిటైరయ్యేదాకా పిల్లలకు ఉడకబెట్టిన బంగాళాదుంపలు వడ్డించింది. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు, అడిగినవాళ్ళు క్లిఫర్డ్ లాంటివాళ్ళు కావడం వల్ల. టెంటర్స్ ఆర్మ్స్ మూతపడి తివాచీల కొట్టయింది. సగ్డెన్ పోయాడు. చాలా ఏళ్ళకు ఆల్బన్ కూడా పోయాడు. ఆమె అంత్యక్రియలకు చర్చికి వెళ్ళి వెనక వరసలో కూర్చుని వచ్చింది.

డెబ్బయి దాటాక క్లిఫర్డ్ ఎక్కడో ఒక పాత పెట్టె కొని, మరమ్మతు చేయించి, బౌలింగ్ క్లబ్బులో పెట్టించాడు. ఆదివారం మధ్యాహ్నాలు పాత పాటల సభలు మొదలుపెట్టాడు. మొదటి సభకు నోరీన్‌ను తనే ఫోను చేసి పిలిచాడు. "నువ్వు లేకపోతే ఎలా? మా పబ్బు మహారాణివి" అన్నాడు. ఎంత దాకా అబద్ధమాడతాడో చూద్దామని ఆమె వెళ్ళింది.

హాలు నిండా తెల్ల తలలు. బల్ల మీద పంది మాంసం కూరి కాల్చిన రొట్టె ముక్కలు, ఊరవేసిన ఉల్లిపాయలు. పెట్టె పాత ఏడుపులే పాడుతోంది. ఒకటి రెండు పాటలయ్యాక తన పాదం తాళం వేస్తోందని గమనించి, తన మీద తనకే చిరాకేసి, నోరీన్ కాళ్ళు కుర్చీ కిందకు లాక్కుంది. క్లిఫర్డ్ మైకు అందుకున్నాడు.

"ఆ రోజుల్లో మనకి తేడాల్లేవండీ. నలుపూ తెలుపూ లేదు. బస్సు కండక్టరు మన ఆల్బన్ గుర్తున్నాడా? పాపం కొత్తగా వచ్చినవాడు. రాగానే వాళ్ళ పాట వేసి వినిపించేవాళ్ళం. ఆ పాట అలా మనందర్నీ కలిపేది."

కొందరు చప్పట్లు కొట్టారు. నోరీన్ లేచి నిలబడింది.

"నువ్వు ప్లగ్గు పీకావు క్లిఫర్డ్."

"ఏంటి నోరీన్?"

"ఆల్బన్ పాట మొదలవగానే ప్లగ్గు పీకావు. నీ పాటకి ఇక్కడి కరెంటు పడదన్నావు."

క్లిఫర్డ్ హాలు వైపు తిరిగి జాలిగా నవ్వాడు. "పెద్దవాళ్ళమయ్యాం కదా, అన్నీ కలగాపులగం అవుతాయి. ఏదైనా చేసుంటే వేళాకోళానికి చేసుంటాం. అందరం నవ్వుకున్నాం."

"అతను నవ్వలేదు."

ముందు వరసలో బ్రెండా ఉంది. వెనక్కి తిరగకుండానే అంది. "పీకావు క్లిఫ్. ఇంటికొచ్చి నాకు చెప్పుకుని మురిసిపోయావు కూడా. పిల్లకి పాలు పడుతున్న నన్ను పట్టుకుని నవ్వించబోయావు. నాకు నవ్వు రాలేదు."

క్లిఫర్డ్ మైకు దించాడు. వెళ్ళి పెట్టె మీట నొక్కాడు. పాటలో ఎవరో పిల్ల రైలెక్కి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరూ గొంతు కలిపారు. ఇంకాసేపటికి హాలంతా పాడుతోంది. నోరీన్ తన మాంసం రొట్టె ముక్క తినడం పూర్తి చేసింది. అది బాగుంది. దాన్ని వదిలేసి వెళ్ళాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు. సభలు మాత్రం ఆగలేదు. ఎండాకాలంలో ఒక రోజు సంతలో బ్రెండా ఎదురైంది. ఇద్దరూ చేపల బండి దగ్గర నిలబడ్డారు.

"ఇప్పుడు ప్లగ్గు కథ కూడా చెప్తున్నాడే" అంది బ్రెండా. "ఎవడో తాగుబోతు పీకేశాడట. మా ఆయన లేచి మళ్ళీ పెట్టాడట. ఎర్ర నాణెం కూడా తనే తెచ్చి వేశాడట. మొన్న చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"తాగుబోతు పేరేమిటట?"

"పేరు చెప్పడు. ఎప్పుడో పోయాడంటాడు."

నోరీన్‌కు నవ్వు ఆగలేదు. చేపలవాడు కత్తి ఆపి చూశాడు. బ్రెండా కూడా మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత చెయ్యి తీసేసి నవ్వింది. ఆ పూట ఇద్దరూ కలిసి టీ తాగారు. ఇంట్లో క్లిఫర్డ్ భోజనానికి వేళవుతోందన్న సంగతి బ్రెండా ఎత్తలేదు. నోరీన్ అడగలేదు.